పోలీసు ఈవెంట్స్ దగ్గరపడ్డాయా? నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తకండి

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు ఎడమ కాలి నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచారు. తీరా పరీక్ష చేయిస్తే చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకకు వచ్చే సన్న పగులు) అని తేలింది. అదే నెల టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ తప్పిపోయింది. ఆమె మళ్ళీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. వెంట ఫిజియో ఉండే క్రీడాకారిణికే అంత కాలం పట్టింది. తెల్లవారుజామున తారు రోడ్డు మీద ఒంటరిగా ప్రాక్టీస్ చేసే కానిస్టేబుల్ అభ్యర్థికి అదే వస్తే ఆ నోటిఫికేషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

వార్మప్ చేయండి, నీళ్ళు తాగండి అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేం చెప్పేది ఒక్కటే. డైక్లోఫెనాక్ మాత్ర మింగో, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునో ప్రాక్టీస్‌కి పోవడమే ఎక్కువమంది కొంప ముంచుతోంది. మాత్ర నొప్పిని దాచుతుంది గానీ పగులును పూడ్చదు.

పాదం ఎముకలు

పరుగులో పడే ప్రతి అడుగుకీ ఎముకలో కంటికి కనిపించనంత సన్న చీలికలు వస్తాయి. విశ్రాంతి ఇస్తే అవే పూడుకుంటాయి. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. అప్పటిదాకా పుస్తకాల ముందు కూర్చున్నవాళ్ళు ఆ టైమింగ్ నెల రోజుల్లో తేవాలని రెండు పూటలా పరుగెడతారు. చీలిక పూడే లోపే దాని మీద ఇంకో దెబ్బ పడుతుంది. మొదట్లో పరుగు చివర మాత్రమే నొప్పి. తర్వాత మొదటి రౌండ్‌లోనే. ఆ తర్వాత రాత్రి పడుకున్నా సలుపు. రెండో దశలో ఆగితే వారాల్లో బాగుపడేది, మాత్రతో నెట్టుకొస్తే పూర్తిగా విరుగుతుంది.

గుర్తు పట్టడం కష్టమేం కాదు. కండ నొప్పి అరచేయంత మేర ఉంటుంది. ఎముక నొప్పి ఒక్క వేలితో నొక్కి చూపించగలిగే చోట ఉంటుంది. పాదం పైభాగంలో, చీలమండకు కాస్త ముందు అలా నొప్పి ఉంటే ఆ రోజే పరుగు ఆపండి. అక్కడి నావిక్యులర్ ఎముకకు రక్తప్రసరణ తక్కువ, అతకడం ఆలస్యం. చిటికెన వేలి వైపు పాదం అంచు మధ్యలో నొప్పి వచ్చినా అంతే, కొందరికి స్క్రూ వేయాల్సి వస్తుంది. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రే బాగుంది' అన్నారని మాత్ర వేసుకుని గ్రౌండ్‌కి పోవద్దు. నొప్పి అక్కడే నిలిస్తే ఎంఆర్‌ఐ గురించి ఆర్థోపెడిక్ డాక్టర్‌ని అడగండి.

బెణుకు

పాదం లోపలికి మడతపడి చీలమండ బయటి వైపు వాచిందంటే మొదటి రెండు మూడు రోజులు మర్దన వద్దు, వేడి కాపడం వద్దు, లాగి సరిచేయించడం అసలే వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టండి. క్రేప్ బ్యాండేజ్ వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. పడుకున్నప్పుడు కాలు దిండు మీద. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచు నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాల్సిందే. వాపు తగ్గింది కదా అని మర్నాడే లాంగ్‌జంప్ చేస్తే రెండోసారి మడతపడుతుంది. ఎముకలను కలిపి పట్టే స్నాయువుతో పాటు కాలి అదుపు కూడా దెబ్బతింటుంది మరి. గోడ పక్కన నిలబడి కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద 30 సెకన్లు ఊగకుండా ఉండగలగాలి. రెండు కాళ్ళకూ ఇందులో తేడా లేదనిపించాకే దూకండి.

మడమ వెనక నరం

ఇక్కడ నరం అంటున్నది పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండన్‌ని. పొద్దున లేవగానే మడమకు కాస్త పైన బిగుతుగా, నొక్కితే నొప్పిగా ఉంటే స్ప్రింట్లు ఆపండి. అక్కడ స్టెరాయిడ్ సూది వేయించుకోకండి, తెగే ప్రమాదం ఉంది. విరేచనాలకనో, మూత్రంలో మంటకనో ఒఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ రాస్తుంటే 'పరుగు ప్రాక్టీస్‌లో ఉన్నాను' అని డాక్టర్‌కి చెప్పండి. ఆ మందులు ఈ నరాన్ని దెబ్బతీయగలవు, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. వెనక నుంచి ఎవరో తన్నినట్టయి ఠప్‌మని వినిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక మిగతావి:

వారానికి పదో వంతుకు మించి దూరం పెంచకండి.
వారంలో రెండు రోజులు పరుగు పూర్తిగా మానండి.
రోడ్డు అంచు వాలులో ఎప్పుడూ ఒకే వైపు పరుగెత్తొద్దు.
తారు మీద ఒట్టికాళ్ళతో అసలు వద్దు.
మడమ ఒక పక్కకు అరిగిన బూట్లు పారేయండి. కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.
లాంగ్‌జంప్ పిట్‌లో ఇసుక పారతో తవ్వి, రాళ్ళు ఏరాకే దూకండి. గట్టిపడిన ఇసుకలో మడమ దిగదు.
అమ్మాయిల్లో నెలసరి రెండు మూడు నెలలు ఆగిందంటే శిక్షణ బాగా సాగుతోందని కాదు, తిండి చాలడం లేదని, ఎముక బలహీనపడుతోందని. డాక్టర్‌కి చూపించండి.
మాత్ర వేసుకుని పరుగెత్తొద్దు.
ఈవెంట్స్ పొద్దున కూడా వద్దు. ఖాళీ కడుపు, ఎండ, చెమట, పైన డైక్లోఫెనాక్ అంటే కిడ్నీలకూ ముప్పే.
నొప్పి ఉన్న వారాల్లో ఊపిరి పట్టు తగ్గకుండా సైకిల్ తొక్కండి, ఈత కొట్టండి. అవి చేసినా నొప్పి వస్తే అవీ ఆపండి.
మళ్ళీ మొదలుపెట్టే ముందు అరగంట వేగంగా నడవండి. ఒంటికాలి మీద 20 సార్లు మడమ ఎత్తండి. మర్నాడు పొద్దున కూడా నొప్పి లేకపోతేనే 400 మీటర్ల నుంచి మొదలుపెట్టండి, అదీ మాత్ర లేకుండా.