డ్రా షాట్ నేర్చుకుందాం – 6వ పాఠం: బంతులు మరీ దగ్గరగా ఉంటే

పూల్ ఆటలో తెల్ల బంతి ఎదుటి బంతికి తగిలి వెనక్కి రావడమే డ్రా షాట్. పోయిన పాఠంలో తెల్ల బంతికీ ఎదుటి బంతికీ మధ్య ఒకటిన్నర అడుగు ఉంచి సాధన చేశాం. ఇప్పుడు ఆ సందు రెండు సెంటీమీటర్లే, అంటే కొట్టే కర్ర (క్యూ) కొనకు రాసే చాక్ బిళ్ళ వెడల్పే ఉందనుకోండి. చాలామంది ఇక్కడ పాత పద్ధతిలోనే ఇంకాస్త గట్టిగా కొడతారు. నిజానికి బలం తక్కువే చాలు. దూరం ఎక్కువైతే తెల్ల బంతి టేబుల్ మీది క్లాత్‌పై జారేకొద్దీ, కింద కొట్టడం వల్ల వచ్చిన వెనక్కి తిరుగుడు అరిగిపోతుంది, కొంతైనా మిగలాలని గట్టిగా కొడతాం. ఇంత చిన్న సందులో అరగడానికి సమయమే లేదు. మీరిచ్చిన తిరుగుడు దాదాపు మొత్తం ఎదుటి బంతి దాకా చేరుతుంది.

ఇబ్బందంతా క్యూతోనే. పూల్ బంతి బరువు సుమారు 165 గ్రాములు, క్యూ 500 గ్రాముల పైమాటే. అందుకే బంతిని కొట్టాక కూడా క్యూ ఆగదు, వేగం తగ్గినా ముందుకే పోతుంది. తెల్ల బంతి నిండుగా తగిలి, తన వేగమంతా ఎదుటి బంతికి ఇచ్చేసి ఒక్క క్షణం నిలబడుతుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి క్యూ కొన (టిప్) వచ్చి మళ్ళీ పొడుస్తుంది. అది డబుల్ హిట్, ఫౌల్. వెనక్కి రావాల్సిన బంతి ఎదుటి బంతి వెంటే ముందుకు పోయిందంటే చాలావరకు జరిగింది అదే. అనుమానముంటే తెల్ల బంతిని శుభ్రంగా తుడిచి, టిప్‌కి చాక్ బాగా రాసి కొట్టి చూడండి. చాలాసార్లు బంతి మీద పక్కపక్కనే రెండు నీలి చుక్కలు కనిపిస్తాయి.

కాబట్టి తాకిన చోటు నుంచి సందు పొడవు దాటకముందే టిప్ ఆగాలి. ఆగగానే దారి నుంచి తప్పుకోవాలి కూడా, బంతి తిరిగొచ్చేది దాని మీదికే.

క్యూకి ముందు ఆనికగా ఉండే బ్రిడ్జి చెయ్యిని వేళ్ళ మీద నిలబెట్టి అరచెయ్యి పైకి లేపండి. బ్రిడ్జికీ బంతికీ మధ్య 10 – 12 సెంటీమీటర్లు చాలు. క్యూ పట్టుకునే చెయ్యిని మామూలు చోటు కంటే జానెడు ముందుకు జరపండి. క్యూ వెనక భాగాన్ని సుమారు 30 డిగ్రీలు ఎత్తండి. క్యూని నాలుగైదు సెంటీమీటర్లకు మించి వెనక్కి లాగొద్దు. టిప్ బంతిని తాకే క్షణంలో పిడికిలి బిగించండి, ఆ బిగింపే క్యూని ఆపుతుంది. వెంటనే క్యూని వచ్చిన దారినే పైకి లాగేయండి.

బంతిని ఎక్కడ కొట్టాలి? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డ్రా అంటే కింద కొట్టాలని, క్యూ ఎత్తి పట్టుకుని కూడా క్లాత్‌కి దగ్గరగా గురిపెడతారు. టిప్ జారి మిస్‌క్యూ అవుతుంది, క్లాత్ చిరిగే ప్రమాదమూ ఉంది. కింద అనేది క్యూ గీతను, అంటే క్యూ సాగే దిశను బట్టి చూడాలి, టేబుల్‌ని బట్టి కాదు. మిస్‌క్యూ కాకుండా కొట్టగల హద్దు, ఆ గీతకు లంబంగా కొలిస్తే, బంతి కేంద్రం నుంచి వ్యాసార్ధంలో సగం, 57 మిల్లీమీటర్ల పూల్ బంతికి సుమారు 14 మిల్లీమీటర్లు. 30 డిగ్రీలు ఎత్తిన క్యూతో ఆ హద్దు దాకా వెళ్ళినా టిప్ తాకేది బంతి వెనక వైపు సరిగ్గా నడిమి ఎత్తులోనే! అంతకంటే కిందికి పోతే జారుతుంది. మొదట్లో నడిమి గీతకు ఒక పిసరు పైనే గురిపెట్టండి.

టిప్ అడ్డంగా ఒక్క మిల్లీమీటరు కూడా పక్కకి పోకూడదు. ఎత్తిన క్యూతో పక్క తిరుగుడు కలిసిందంటే తెల్ల బంతి వంకర తిరుగుతుంది. బంతి ఎగిరి ఎదుటి దాని మీదికెక్కితే మీరు మరీ గట్టిగా కొట్టారు. తగిలిన చోటే ఆగిపోతే గురి ఇంకాస్త దించండి. షాట్‌లో బాగా కోణం ఉంటే ఇంత జాగ్రత్త అక్కర్లేదు, తెల్ల బంతి ఎలాగూ పక్కకి తప్పుకుంటుంది.

ఈ వారం సాధన: బంతులను వరసగా, గురికి సూటిగా పెట్టండి. సందు మొదట 5 సెంటీమీటర్లు, తర్వాత 3, చివరికి చాక్ బిళ్ళంత. ఒక్కో సందుకు 10 షాట్లు. తెల్ల బంతి ఒక బంతి వెడల్పంత వెనక్కి వస్తే చాలు, అంతకన్నా ఆశించొద్దు. పదింట్లో ఏడు కుదిరాకే సందు తగ్గించండి. రెండు బంతులూ ఆనుకుని ఉన్నప్పుడు ఏం చేయాలో 7వ పాఠంలో చూద్దాం.