హెడ్‌ఫోన్స్‌కి పాటను బట్టి వెలిగే లైట్లు: మైక్ వద్దు, వైర్ నుంచే తీసుకోండి

హెడ్‌ఫోన్స్‌కి ఇలాంటి లైట్లు పెట్టాలంటే చాలామంది ముందు మైక్ మాడ్యూల్ (చుట్టూ ఉన్న సౌండ్‌ని పట్టే చిన్న బోర్డు) కొంటారు, నేనూ అదే కొన్నా. ఇంట్లో మస్తు పనిచేసింది, కానీ అమీర్‌పేటలో సిటీ బస్ ఎక్కానో లేదో పాటని వదిలేసి హారన్లకి వెలగడం మొదలెట్టింది, చెవిలో మెలోడీ నడుస్తుంటే హెడ్‌ఫోన్ కప్పుల మీద లైట్లు ఆటో హారన్‌కి ఎగురుతున్నాయి. అందుకే సౌండ్‌ని వైర్‌లోంచే తీసుకోండి.

సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఆర్డ్యూనో నానో (మనం కోడ్ ఎక్కించుకునే చిన్న బోర్డు), డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్ (కోడ్‌తో నడిచే రంగుల ఎల్ఈడీల పట్టీ, కప్పుకి 6 చొప్పున 12 ఎల్ఈడీలు చాలు), 3.5 ఎంఎం స్ప్లిటర్ (ఒక హెడ్‌ఫోన్ సాకెట్‌ని రెండు చేసేది), ఒక జాక్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. హెడ్‌ఫోన్ కేబుల్ అస్సలు కోయొద్దు, స్ప్లిటర్ ఒక సాకెట్‌లో హెడ్‌ఫోన్స్, రెండోదాంట్లో మన జాక్.

జాక్‌లో కొన లెఫ్ట్, మధ్య రింగ్ రైట్, మొదట్లోది గ్రౌండ్ (రెండింటికీ కామన్ వైర్, ఇది నానో గ్రౌండ్‌కి). లెఫ్ట్, రైట్ రెండింటికీ చెరో 10కె (10 వేల ఓమ్స్) రెసిస్టర్ పెట్టి అవతలి కొసలు కలిపి, అక్కణ్ణుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా నానో ఏ0 పిన్‌కి ఇవ్వండి, ప్లస్ కాలు నానో వైపే ఉండాలి. ఏ0 నుంచి 5 వోల్ట్‌లకి ఒక 100కె, గ్రౌండ్‌కి ఒక 100కె. ఈ రెండూ మర్చిపోవద్దు, ఎందుకంటే పాట సిగ్నల్ సున్నాకి పైకీ కిందకీ ఊగుతుంది, నానోకి మైనస్ వోల్టేజ్ చదవడం రాదు, అందుకే మొత్తాన్ని 2.5 వోల్ట్‌ల దగ్గరికి లేపుతున్నాం.

స్ట్రిప్ మీద బాణం గుర్తు చూసుకుని నానో నుంచి వచ్చే డేటా వైర్ కలపండి, మధ్యలో 330 ఓమ్స్ రెసిస్టర్. నేను ఒకసారి తిరగేసి సోల్డర్ చేసి రాత్రంతా కోడ్‌లో తప్పు వెతికా. పవర్ వైర్ల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఒక్కో ఎల్ఈడీ ఫుల్ వైట్‌లో 60 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, కాబట్టి ఫాస్ట్‌ఎల్ఈడీ లైబ్రరీలో (ఎల్ఈడీలు నడిపే రెడీమేడ్ కోడ్) 300 మిల్లీఆంప్స్‌కి లిమిట్ పెట్టేయండి, రాత్రిపూట ఆ వెలుతురే ఎక్కువ.

కోడ్ చిన్నదే. 50 మిల్లీసెకన్ల పాటు ఏ0ని చదువుతూ పెద్ద విలువలోంచి చిన్నది తీసేస్తే సౌండ్ ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది (20 హెర్ట్జ్ బేస్ కూడా ఆ టైమ్‌లో ఒక రౌండ్ పూర్తి చేస్తుంది). ఆ విలువని నేరుగా బ్రైట్‌నెస్‌కి ఇస్తే లైట్ కొట్టుకున్నట్టు ఉంటుంది, చూడలేం. పెరిగితే వెంటనే పెంచండి, తగ్గితే మాత్రం ప్రతిసారీ పదో వంతే తగ్గించండి. తీన్‌మార్ పెట్టి చూడండి, ఒక్కో డప్పు దెబ్బకీ భగ్గున లేచి మెల్లగా చల్లారాలి, అదీ సెట్ అయినట్టు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ విప్పి ఇదే పద్ధతి పెట్టొద్దు. వాటిల్లో చాలావాటికి స్పీకర్ రెండు వైర్లలోనూ సిగ్నలే ఉంటుంది, ఒకటి గ్రౌండ్ అనుకుని కలిపితే యాంప్ చిప్ (సౌండ్‌ని పెంచేది) పోవచ్చు.

బ్యాటరీ తల మీద వద్దు, నానో, పవర్ బ్యాంక్ రెండూ జేబులో ఉంచి మూడు సన్నని వైర్లు (5 వోల్ట్‌లు, గ్రౌండ్, డేటా) కేబుల్ వెంబడే పైకి తీసుకెళ్లండి. ఫోన్‌ని మాత్రం అదే పవర్ బ్యాంక్‌కి చార్జింగ్ పెట్టకండి, గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలవడం) అయి చెవిలో గుయ్ మని మోగుతుంది.