డెల్రిన్ జాబ్‌ను ఫైవ్ యాక్సిస్ మిషన్‌లో ఒకే సెట్టింగ్‌లో తీయడం ఎలా?

డెల్రిన్ అంటే గట్టి ప్లాస్టిక్, జాబ్ అంటే మనం కోసి తీసే ముక్క. ఒకే సెట్టింగ్ అంటే ఒకసారి బిగించాక మళ్లీ విప్పి తిరగేయకుండా, టేబుల్‌నే వంచుతూ తిప్పుతూ అన్ని వైపులా కోయడం. ముందు సామాను. జాబ్ ఎత్తు కంటే 15 మి.మీ. ఎక్కువున్న డెల్రిన్ బ్లాకు, దాని అడుగున డవ్‌టెయిల్, అంటే బిగించి పట్టుకోడానికి పావురం తోక ఆకారంలో కోసిన అంచు. కోటింగ్ లేని సింగిల్ ఫ్లూట్ (ఒకే కోత అంచున్న) కార్బైడ్ ఎండ్‌మిల్ కట్టర్, అదీ కొత్తది. నిన్న ఈఎన్8 స్టీలు కోసిన కట్టర్‌ని ఇవాళ ప్లాస్టిక్‌కి పెట్టేవాళ్లతో నాకు మాటల్లేవు. కూలెంట్ వద్దు, గాలి చాలు.

అన్ని వైపులా 1 మి.మీ. వదిలి రఫింగ్, అంటే ముతక కోత, కొట్టండి. ముక్కు మండే ఘాటు వాసన వస్తే అది ఫార్మాల్డిహైడ్. కట్టర్ కోయకుండా రుద్దుతోందన్నమాట. ఆర్‌పీఎం తగ్గించి ఫీడ్ పెంచండి. తర్వాత టీ తాగి రండి, జాబ్ చల్లారాలి. 100 మి.మీ. డెల్రిన్ 10 డిగ్రీల వేడికే 0.1 మి.మీ. దాకా పెరుగుతుంది. వేడి మీద ఫినిషింగ్ (చివరి సైజుకి తెచ్చే కోత) చేసి, చల్లారాక సైజు తగ్గిందని మిషన్‌ని తిడితే ఏం లాభం?

కొందరు జాబ్ తిరగేసి సాఫ్ట్ జాస్‌లో (వైస్‌కి వేసే మెత్తటి దవడల్లో) పట్టి అడుగు కోస్తారు. వైస్ నొక్కుడులో గుండ్రంగా కోసిన బోరు (రంధ్రం), విప్పగానే కోడిగుడ్డు అవుతుంది. అందుకే నేను తిరగేయను.

ఇక అసలు పని, జాబ్‌ని బ్లాకు నుంచి విడదీయడం. పైన, పక్కల ఫినిషింగ్ పూర్తిగా అయ్యాకే దీన్ని ముట్టుకోవాలి. జాబ్‌ని బ్లాకుతో కలిపి ఉంచే కాడ సన్నబడ్డాక జాబ్ మీద కట్టర్ పెడితే వణుకుతుంది, గీతలు పడతాయి. టేబుల్ 90 డిగ్రీలు వంచి 6 మి.మీ. కట్టర్‌తో నాలుగు పక్కల నుంచీ అడుగు కింద కోసుకుంటూ రండి. ఒకే పక్క నుంచి కాదు. ఇటు కొంత, టేబుల్ తిప్పి అటు కొంత. లేదంటే జాబ్ ఒక వైపుకి ఒరుగుతుంది. అడుగు ఫినిషింగ్ కూడా కాడ 10 మి.మీ. మందం ఉన్నప్పుడే అయిపోవాలి.

తర్వాత ఎదురెదురు పక్కల నుంచి పలచగా కోస్తూ 0.5 మి.మీ. పొర దగ్గర ఆపేయండి. దాన్నీ మిషన్‌తోనే కోసేద్దామనుకోకండి. నేనొకసారి అనుకున్నా. జాబ్ కట్టర్‌కి చిక్కి ఎగిరి తలుపు అద్దానికి ఠంగున తగిలింది. మూడు గంటల పని, మూల విరిగి చెత్తబుట్టలోకి.

స్పిండిల్ ఆపి, చేత్తో పట్టుకుని, బ్లేడుతో కోయండి. మిగిలిన మచ్చని అదే బ్లేడుతో గీకాలి. ఎమరీ రాస్తే పీచు లేస్తుంది.