వరద నీళ్లకి పాలీమర్ ఎంత వెయ్యాలి? జార్ టెస్ట్ చేసి తేల్చుకోండి

గోదావరికి ఎర్రనీళ్లు రాగానే నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లలో మొదట చేసేది ఆలం (పటిక) డోస్ పెంచుకుంటూ పోవడమే, నీళ్లు తేరతాయి నిజమే గానీ ఆలం నీళ్లలో ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) తినేస్తుంది కాబట్టి పీహెచ్ పడిపోతుంది, మడ్డి కూడా విపరీతంగా వస్తుంది. ఆలం కొంత తగ్గించి తోడుగా పాలీడాడ్‌మాక్ లాంటి ఆర్గానిక్ పాలీమర్ వేస్తే ఈ రెండు బాధలూ చాలావరకు తగ్గుతాయి. బంకమట్టి రేణువులకి మైనస్ చార్జ్ ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పాలీమర్‌ది ప్లస్ చార్జ్, ఆ తోపుడు ఆగితే అతుక్కుని కిందకి దిగుతాయి.

ఎంత వెయ్యాలో తేల్చేది జార్ టెస్ట్, అంటే బీకర్లలో రకరకాల డోస్‌లు వేసి ఏది బాగా తేరుతుందో చూడటం. దానికి ముందు పాలీమర్ సొల్యూషన్ చేసుకోండి. డ్రమ్ములోంచి 1 గ్రాము పాలీమర్ తూకం వేసి (జిగురుగా ఉంటుంది, పైపెట్‌తో తీస్తే సగం దానికే అంటుకుంటుంది) నీళ్లు పోసి సరిగ్గా 1 లీటర్ చెయ్యండి. ఇందులోంచి 1 ఎంఎల్ తీసి లీటర్ నీళ్లలో వేస్తే డోస్ లీటరుకి 1 మిల్లీగ్రాము, లెక్క తేలిక. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

ఆరు బీకర్లలో అప్పుడే తెచ్చిన నది నీళ్లు లీటరు చొప్పున పొయ్యండి. అన్నిట్లో ఒకటే ఆలం డోస్, మామూలుగా వేసేదానికన్నా తక్కువ. పాలీమర్ మాత్రం 0, 0.5, 1, 2, 3, 5 ఎంఎల్. స్టిర్రర్‌తో 100 ఆర్‌పీఎం (నిమిషానికి 100 చుట్లు) మీద ఒక నిమిషం, తర్వాత 30 మీద ఒక ఇరవై నిమిషాలు తిప్పి ఆపేసి అరగంట వదిలెయ్యండి. తిరుగుతున్నప్పుడు పక్కకి వెళ్లొద్దు, ఏ బీకర్లో ముందుగా నలకలు కట్టాయి, అవి గట్టిగా ఉన్నాయా దూదిలా విడిపోతున్నాయా అన్నది కళ్లతో చూడాల్సిందే. తేరాక పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతులో నీళ్లు తీసి టర్బిడిటీ (నీళ్ల మబ్బుదనం) చూడండి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, 2 దగ్గర బాగా తేరి 5 దగ్గర మళ్లీ మబ్బుగా కనపడితే టెస్ట్ తప్పయిందనుకుంటారు. తప్పు కాదు, పాలీమర్ ఎక్కువైతే రేణువులన్నిటికీ ప్లస్ చార్జ్ వచ్చి మళ్లీ తోసుకోవడం మొదలుపెడతాయి. మిగిలిన పాలీమర్ ఫిల్టర్ ఇసుకని జిగురు చేసి మట్టి ఉండలు కట్టిస్తుంది. అందుకని రెండు బీకర్లు దాదాపు సమానంగా తేరితే తక్కువ డోస్‌దే తీసుకోండి. తాగునీటికి వాడొచ్చని సర్టిఫికెట్ ఉన్న పాలీమరే కొనండి, అందులో రాసిన గరిష్ట డోస్ అస్సలు దాటొద్దు. ఎగువన డ్యాం గేట్లు ఎత్తినా, నీళ్ల రంగు మారినా టెస్ట్ మళ్లీ చెయ్యండి, నిన్నటి డోస్ ఇవాళ్టి నీళ్లకి పనికిరాదు.