ఊడిన చెప్పు అడుగు అతికించాలంటే

తిరుపతి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే నా పెట్టె ముందుకు అడుగు ఊడిన చెప్పులే ఎక్కువ వస్తాయి. చాలామంది ఇంట్లోనే చిన్న ట్యూబు గమ్ము పూసి, ఆపైన తెస్తారు. అది రాయిలా గట్టిపడి, నడకలో చెప్పు వంగగానే పెళ్లున విరుగుతుంది. ముందు దాన్నంతా గీకేయండి. అతుక్కోవాల్సిన రెండు వైపులా ఆకురాయితో గరుకు చేసి దుమ్ము తుడవండి. అతుకు గట్టిగా నిలిచేది దీనివల్లే.

సొల్యూషన్ (చెప్పులు అతికించే జిగురు) రెండు వైపులా పలచగా పూసి, వేలికి అంటుకోని దాకా ఆరనివ్వండి. మా ఎండల్లో 10 నిమిషాలు చాలు. తడి మీదే అతికిస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు, నాకేం నష్టం! అంచులు కలిపి సుత్తితో కొట్టండి. వేళ్ల దగ్గర ఎక్కువ వంగుతుంది కాబట్టి అక్కడ ఆరెతో (చెప్పులు కుట్టే సూదిమొన పనిముట్టు) గుచ్చి, మైనం రుద్దిన నైలాన్ దారంతో కుట్టండి. తెల్లారాకే తొడుక్కోండి.