సుజుకి కప్లింగ్: పల్లాడియం కంటే ముందు చూడాల్సినవి

సుజుకి కప్లింగ్ అంటే పల్లాడియం ఉత్ప్రేరకంతో ఏరైల్ (బెంజీన్ లాంటి వలయమున్న) హాలైడ్‌ను, బోరానిక్ యాసిడ్‌ను కార్బన్–కార్బన్ బంధంతో కలిపే చర్య. అది మధ్యలో ఆగిపోతే చాలామంది ఇంకాస్త పల్లాడియం వేస్తారు. లోపం మాత్రం ఎక్కువసార్లు ఫ్లాస్కులో మిగిలిన ఆక్సిజన్‌లోనో, బోరానిక్ యాసిడ్‌లోనో ఉంటుంది.

చెయ్యి తిరగడానికి 4-బ్రోమోఅనిసోల్, ఫీనైల్‌బోరానిక్ యాసిడ్ మంచి జోడీ. బ్రోమైడ్ 187 మి.గ్రా. (1 మిల్లీమోల్), బోరానిక్ యాసిడ్ 146 మి.గ్రా. (1.2 ఈక్వివలెంట్లు, అంటే బ్రోమైడ్ మోల్స్‌కు 1.2 రెట్లు), పొటాషియం కార్బొనేట్ 276 మి.గ్రా. (2 ఈక్వివలెంట్లు) తీసుకుని డయాక్సేన్ 4 మి.లీ., నీళ్లు 1 మి.లీ. పోయండి. నీళ్లు మానేయకండి. కార్బొనేట్ కరగాలన్నా, బోరాన్ మీది ఫీనైల్ పల్లాడియం మీదికి మారాలన్నా అవి ఉండాలి. డయాక్సేన్ క్యాన్సర్ కారకం, పాతబడితే పెరాక్సైడ్లు కడుతుంది. పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే.

సూదిని ద్రావణం అడుగుదాకా దించి 20 నిమిషాలు నైట్రోజన్ బుడగలు పోనివ్వండి. పైనున్న ఖాళీలో ఊదితే కరిగిన ఆక్సిజన్ పోదు. అది పోయాకే టెట్రాకిస్(ట్రైఫీనైల్‌ఫాస్ఫీన్) పల్లాడియం 35 మి.గ్రా. (3 మోల్ శాతం) వేయండి. మంచి సరుకు నిగనిగలాడే పసుపు; ఆకుపచ్చకో గోధుమకో తిరిగితే పక్కన పెట్టేయండి.

కండెన్సర్ బిగించి, నైట్రోజన్ కింద ఆయిల్ బాత్‌ను 90 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచండి. టీఎల్‌సీ (పల్చటి పొర క్రొమటోగ్రఫీ)లో బ్రోమైడ్, ఉత్పత్తి మచ్చలు దగ్గరగా పడి మోసం చేస్తాయి. రెండూ కలిపిన మచ్చ పక్కనే పెట్టి పోల్చండి. జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) ఉంటే మరీ మంచిది. అయ్యాక చల్లార్చి, ఇథైల్ అసిటేట్‌తో తీసి, ఉప్పునీటితో కడిగి, సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, సిలికా కాలమ్ వేయండి.

మొదట్లోనే ద్రావణం నల్లబడి బైఫీనైల్ పోగుపడిందంటే ఆక్సిజన్ పనే: రెండు బోరానిక్ యాసిడ్లు ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. ఆఖర్లో కాస్త నల్లబడడం మామూలే.

బ్రోమైడ్ అలాగే ఉండి బోరానిక్ యాసిడ్ అయిపోతే ప్రోటోడీబొరోనేషన్‌ను (బోరాన్ ఊడిపోయి దాని చోట హైడ్రోజన్ చేరడాన్ని) అనుమానించండి. 2-పిరిడైల్, చాలా ఫ్లోరిన్‌లున్న ఏరైల్ బోరానిక్ యాసిడ్లకు ఈ జబ్బు ఎక్కువ. బోరానిక్ యాసిడ్‌కు బదులు దాన్ని కప్పి ఉంచే రూపాలైన ట్రైఫ్లోరోబోరేట్ లవణమో, ఎమ్ఐడీఏ బోరోనేటో వాడితే బోరానిక్ యాసిడ్ నెమ్మదిగా విడుదలై నిలుస్తుంది. పాత సీసాలో నీరు కోల్పోయి బోరాక్సిన్‌గా మారిన భాగం ఉంటుంది. అది పనికిరానిది కాదు, కాకపోతే తూకం లెక్క తప్పుతుంది.

ఏరైల్ క్లోరైడ్ అయితే టెట్రాకిస్‌తో కుస్తీ పట్టకండి. కార్బన్–క్లోరిన్ బంధం గట్టిది. పల్లాడియం అసిటేట్‌తో ఎస్‌ఫాస్ లేదా ఎక్స్‌ఫాస్ లైగాండ్ (పల్లాడియానికి అతుక్కుని దాన్ని చురుకుగా ఉంచే ఫాస్ఫీన్) వేయండి.