వీల్‌చైర్‌లో ఉండేవాళ్ళకి ఇల్లూ షాపూ ఒకే చోట ఎలా కట్టుకోవాలి?

మా అక్కకి నడుం దెబ్బతిన్న దగ్గర్నించి వీల్‌చైరే. టైలరింగ్ తన పని. హైదరాబాద్ బోడుప్పల్‌లో 133 గజాల ప్లాట్ (30 బై 40 అడుగులు) ఉంటే ముందు గదిలో షాపు, వెనక ఇల్లు అనుకుని కట్టుకున్నాం. అక్క పెట్టిన కండిషన్ ఒక్కటే, "తమ్మీ, గేటు కాన్నుంచి బాత్రూం దాంక నన్నెవ్వరూ నెట్టొద్దు, నేనే పోవాలె." ప్లాన్‌లో ప్రతి గీతనీ ఈ మాటతోనే కొలుచుకున్నాం, మీరు కూడా అట్లే మొదలుపెట్టండి.

ముందు టేప్ తీసుకుని ఇంటిని కాదు, కుర్చీని కొలవండి. చక్రాల మీద చేతులు పెట్టినప్పుడు మొత్తం వెడల్పు ఎంత, మోకాళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయి, కూర్చుని చెయ్యి చాపితే పైకి ఎంతవరకు అందుతది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మేస్త్రీకి, కార్పెంటర్‌కి, ప్లంబర్‌కి తలా ఒక కాపీ ఇవ్వండి.

ర్యాంపు లెక్క

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మా మేస్త్రీ కూడా "మూడడుగుల బేస్‌మెంట్ సార్, ఆరడుగుల ర్యాంపు వేస్తే సాలు, బండ్లు ఎక్కుతలేవా" అన్నాడు. బండికి ఇంజన్ ఉంది, అక్కకి ఉన్నవి రెండు చేతులే! లెక్క 1:12, అంటే ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడుగు, అంతకన్నా నిటారుగా అస్సలు వద్దు. మూడడుగుల ఎత్తుకి 36 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగడానికి చదును ఇంకా ఎక్స్‌ట్రా, 30 అడుగుల ప్లాట్‌లో అది ఎక్కడ పడుతది?

అందుకే ర్యాంపు పెంచే ముందు ఇంటి ఎత్తు తగ్గించగలమా చూడండి. మేము రోడ్డు నుంచి అడుగున్నరకి తెచ్చాం. ఇంకా కిందికి దించాలని నాకు ఆశగానే ఉండింది కానీ 2020 అక్టోబర్ వానలకి సిటీలో ఎన్ని ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయో చూశాం కదా, పైగా రోడ్డు వేసినప్పుడల్లా పాతది గీకకుండా దాని మీదే వేస్తే ఇల్లు ఇంకో నాలుగు అంగుళాలు కిందికి పోతది. మీ వీధిలో నీళ్ళు ఎంతవరకు వస్తాయో పక్కింటి పెద్దవాళ్ళని అడిగి, దానికి పైన పెట్టుకోండి.

అడుగున్నరకి ర్యాంపు 18 అడుగులు, కింద 5 అడుగుల చదును, పైన గుమ్మం ముందు ఇంకో 5, మొత్తం 28. గేటు ఒక మూలకి, గుమ్మం ఇంకో మూలకి పెడితే ఇంటి ముందు వెడల్పులోనే పట్టేసింది. ర్యాంపు వెడల్పు 4 అడుగులు. ర్యాంపు కాళ్ళు మాత్రం రోడ్డు మీదకి చాపకండి, మున్సిపాలిటీ వాళ్ళు కొట్టేస్తే మళ్ళీ మొదటికొస్తది.

పైన పాలిష్ గ్రానైట్ వద్దే వద్దు, వానకి సబ్బులా జారుతది. గరుకు షాబాద్ బండలు వేయండి, లేకపోతే సిమెంట్ పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. చక్రం పక్కకి జారకుండా అంచుల్లో 3-4 అంగుళాల కట్ట ఉండాలి. రెయిలింగ్ రెండు వైపులా, ఒకటి రెండున్నర అడుగుల దగ్గర, ఇంకోటి మూడడుగుల దగ్గర. మే నెల మధ్యాహ్నం స్టీల్ పైపు పట్టుకుంటే చెయ్యి కాలుతది, పైన ఒక రేకు పందిరి వేయిస్తే ఎండకీ వానకీ పనికొస్తది.

గడప, తలుపులు

గడప తీసేద్దాం అంటే అమ్మ ఒప్పుకోలే, పసుపు కుంకుమ ఎక్కడ పెట్టాలి అంది. ఆమె బాధ కూడా నిజమే కదా. చెక్క గడపని నేలలోకి దించేసి ఫ్లోరింగ్‌తో సమానం చేయించాం, ఇప్పుడు అమ్మ ప్రతి శుక్రవారం దానికి పసుపు రాస్తది, అక్క చక్రాలు దాని మీద నుంచే పోతాయి. ఏం చేసినా అర అంగుళం మించి ఎత్తు ఉండొద్దు.

తలుపు తీశాక ఖాళీ సందు 3 అడుగులు రావాలి, అందుకని దర్వాజ మూడున్నర అడుగులది చెప్పండి. మామూలుగా బాత్రూంకి పెట్టే రెండున్నర దర్వాజలో కుర్చీ ఇరుక్కుంటది.

షాపు గది

ర్యాంపు ఒక్కటే, పైన చదును దగ్గర రెండు తలుపులు, ఒకటి షాపుకి ఒకటి ఇంటికి. కస్టమర్లు ఇంట్లోంచి నడవరు, లోపల షాపుకీ ఇంటికీ మధ్య స్లైడింగ్ డోర్. పెద్దవయసు కస్టమర్లు కూడా మెట్లు లేవని సంతోషపడతారు.

కటింగ్ టేబుల్ మామూలుగా నిలబడి కోసే ఎత్తులో ఉంటది, మేము రెండున్నర అడుగులకి దించి కింద మోకాళ్ళు పోయేలా 27 అంగుళాలు ఖాళీ వదిలించాం, సొరుగులు పెట్టలేదు. కాలితో తొక్కే మిషన్ కాదు, బటన్ నొక్కితే నడిచేది తీసుకున్నాం. దారం రీళ్ళ అరలు నాలుగడుగులు దాటొద్దు, ప్లగ్గులు నేల దగ్గర కాకుండా రెండడుగుల పైన. గది మధ్యలో 5 అడుగుల గుండ్రం ఖాళీగా ఉంటేనే కుర్చీ తిరుగుతది, అక్కడ బట్టల మూటలు పెట్టొద్దని అందరికీ చెప్పుకోవాలి.

బాత్రూం

ఇక్కడా 5 అడుగుల గుండ్రం కావాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోతే లోపలికి నెట్టే తలుపు అడ్డం పడుతది. కమోడ్ సీటు కుర్చీ ఎత్తుకి, దాదాపు 18 అంగుళాలు, ఒక పక్క 3 అడుగులు ఖాళీ. పట్టుకునే రాడ్లు మనిషి బరువంతా మోయాలి, కాబట్టి ఇటుక గోడలోకి బిగించాలి, టైల్‌కి స్క్రూ కొడితే ఊడొస్తది. నేల ఒక అంగుళం దించే అలవాటు మాన్పించి, వాలు మాత్రం జాలీ వైపు ఇప్పించండి.

ముగ్గు పోసినప్పుడే చూసుకోండి

మేస్త్రీ పునాదికి ముగ్గు పోసిన రోజే అక్కని ప్లాట్‌కి తీసుకెళ్ళాం. నేల గట్టిగా ఉన్న చోట గీతల మధ్య కుర్చీ తిప్పి చూసింది, షాపులోంచి ఇంట్లోకి మలుపు తిరగట్లేదని అప్పుడు తెలిసింది, గోడ ఒక అడుగు జరిపాం. టైల్స్ వేసే ముందు ఇంకోసారి తిప్పించాం, బాత్రూం గొళ్ళెం తనకి అందట్లేదు, దాన్ని మూడడుగులకి దించాం.